1955 మిల్వాకీ ఆల్‌స్టార్ గేమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే మనవాళ్లు పిల్లల్ని లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్ పోటీలు) చేర్పించాక బేస్‌బాల్ మీద అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఒకచోటికే వస్తాయి. నెగ్గినా ఓడినా ఏ పట్టికలోనూ లెక్కకు రాని ఈ ఆల్‌స్టార్ ఆటకి అంత హడావుడి ఎందుకు అని. నోటిమాటగా చెబితే ఒప్పుకోరు. అందుకే నేను ఎప్పుడూ ఒక్క ఆట కథే చెబుతుంటాను, 1955 జులై 12న మిల్వాకీలో జరిగినది. దాని గురించి అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందు అసలు సంగతి. ఎవరు నెగ్గారు?

నేషనల్ లీగ్. 12 ఇన్నింగ్స్ ఆడి 6-5 తేడాతో అమెరికన్ లీగ్‌ని ఓడించింది. (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లకీ ఒక్కో వంతు బ్యాటింగ్. ముగ్గురు అవుటైతే ఆ వంతు సరి.) ఒక దశలో 0-5తో వెనకబడి ఉంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు స్టాన్ మ్యూజియల్ 12వ ఇన్నింగ్స్‌లో తనకి పడ్డ మొదటి బంతినే హోమ్‌రన్ (బంతిని కంచె దాటించడం, మన సిక్స్ లాంటిది) కొట్టడంతో ఆట ముగిసింది.

ఆల్‌స్టార్ గేమ్ అంటే ఏంటి? క్రికెట్ తెలిసినవాడికి అర్థమయ్యేలా చెప్పండి.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు లీగులున్నాయి, అమెరికన్, నేషనల్. ఒక్కోదానిలో అప్పట్లో 8 జట్లు, మొత్తం 16. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎవరి లీగులో వాళ్లే ఆడుకునేవాళ్లు. చివర్లో ఒక్కో లీగు విజేత వచ్చి వరల్డ్ సిరీస్‌లో తలపడేది. అంటే ఒక లీగు మేటి బ్యాటరు రెండో లీగు మేటి పిచరుని (మన బౌలర్ లాంటివాడు) అధికారికంగా ఎదుర్కొనే అవకాశం వరల్డ్ సిరీస్‌లో తప్ప ఉండేదే కాదు. సీజన్ మధ్యలో, జులైలో, రెండు లీగుల నుంచీ మంచి ఆటగాళ్లని ఏరి ఒక్క ఆట ఆడిస్తారు. అదే ఆల్‌స్టార్ గేమ్.

మన దులీప్ ట్రోఫీలో సౌత్ జోన్, నార్త్ జోన్ తలపడ్డట్టు అనుకోండి. కాకపోతే ట్రోఫీ లేదు, పాయింట్లు లేవు, ఏడాదికి ఒకే ఒక్క రోజు. వరల్డ్ సిరీస్‌లో తప్ప ఎదురుపడనివాళ్లు ఆ ఒక్క రోజు ఎదురుపడతారు కాబట్టి ఆ రోజుల్లో దానికి ఉన్న పదును వేరు. ఇప్పుడు సీజన్‌లోనే అన్ని జట్లూ అన్ని జట్లతో ఆడుతున్నాయి. ఆ పదును చాలామటుకు పోయిందనే నా అభిప్రాయం.

ఈ ఆలోచన ఎవరిది?

షికాగో ట్రిబ్యూన్ పత్రిక స్పోర్ట్స్ ఎడిటర్ ఆర్చ్ వార్డ్‌ది. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే దానితోపాటు ఒక్కసారికి సరదాగా పెట్టమన్నాడు. ఆ ఏడాది జులై 6న కామిస్కీ పార్క్‌లో ఆడారు. బేబ్ రూత్ హోమ్‌రన్ కొట్టాడు, అమెరికన్ లీగ్ 4-2తో గెలిచింది. ఒక్కసారికని పెట్టింది ఏటేటా జరిగే పండగ అయిపోయింది. యుద్ధం వల్ల 1945లో ఒక్కసారి ఆగింది.

మిల్వాకీ ఆటకి మూడు రోజుల ముందు, 1955 జులై 9న, వార్డ్ చనిపోయాడు. అంత్యక్రియలు షికాగోలో సరిగ్గా ఆట రోజే. వాటికి వెళ్లిన బేస్‌బాల్ పెద్దలు మిల్వాకీ చేరుకోవాలని ఆటని అరగంట ఆలస్యంగా మొదలుపెట్టారు. తన చేతుల మీదుగా పుట్టిన ఆట ఆయన్ని సాగనంపి వచ్చేదాకా ఆగిందన్నమాట.

మిల్వాకీలోనే ఎందుకు?

వేదిక ఏటా మారుతుంది. కానీ మిల్వాకీకి అప్పటికి బేస్‌బాల్ పిచ్చి ముదిరి ఉంది. బ్రేవ్స్ జట్టు 1953లోనే బోస్టన్ నుంచి అక్కడికి మారింది. బోస్టన్‌లో ఖాళీ కుర్చీల ముందు ఆడిన జట్టుకి మిల్వాకీలో రెండో ఏడాదే 20 లక్షలకు పైగా జనం వచ్చారు. కౌంటీ స్టేడియం కొత్తది. ఆల్‌స్టార్ ఆటకి 45,643 మంది వచ్చారు.

ఇంకో సంగతి. బ్రేవ్స్ నేషనల్ లీగ్ జట్టు. అందువల్ల ఆ రోజు నేషనల్ లీగ్ ‘ఇంటి జట్టు’. కథ చివర్లో ఇది అక్కరకొస్తుంది.

జట్టుని ఎవరు ఎంపిక చేసేవాళ్లు?

మొదట బ్యాటింగ్‌కి దిగే 8 మందిని అభిమానులే ఓట్లు వేసి ఎన్నుకునేవాళ్లు. పిచర్లని, మిగతావాళ్లని మేనేజర్లు (మన కోచ్‌ల లాంటివాళ్లు) చూసుకునేవాళ్లు. మేనేజర్లుగా కిందటేడు వరల్డ్ సిరీస్ ఆడిన జట్ల వాళ్లే ఉంటారు కాబట్టి 1955లో నేషనల్ లీగ్‌కి న్యూయార్క్ జెయంట్స్ మేనేజర్ లియో డ్యురోషర్, అమెరికన్ లీగ్‌కి క్లీవ్‌లాండ్ మేనేజర్ అల్ లోపెజ్.

ఓట్లంటే తెలిసిందే కదా, మన ఊళ్లలో లాగానే. 1957లో సిన్సినాటి జనం ఎంత ఉత్సాహంగా వేశారంటే నేషనల్ లీగ్ ఎనిమిది స్థానాల్లో ఏడు వాళ్ల జట్టుకే దక్కాయి. ఎనిమిదో స్థానంలో మిగిలింది మ్యూజియల్ ఒక్కడే. మొత్తం బేస్‌బాల్‌కి పెద్ద అయిన కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఇద్దరు సిన్సినాటి వాళ్లని తీసేసి విల్లీ మేస్‌ని, హ్యాంక్ ఆరన్‌ని పెట్టాడు. ఆ దెబ్బకి అభిమానుల చేతిలోంచి ఓటు పోయింది. మళ్లీ 1970లోగానీ తిరిగి రాలేదు.

ఆ రోజు ఎవరెవరు ఆడారు?

జాబితా మొత్తం రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అమెరికన్ లీగ్‌లో టెడ్ విలియమ్స్, మికీ మ్యాంటిల్, యోగి బెరా, ఇరవయ్యేళ్ల అల్ కేలైన్. నేషనల్ లీగ్‌లో డ్యూక్ స్నైడర్, ఎర్నీ బ్యాంక్స్, ఎడీ మాథ్యూస్ మొదటి నుంచే ఆడారు. మేస్, ఆరన్, మ్యూజియల్ ముగ్గురూ మధ్యలో వచ్చారు. ముగ్గురు దిగ్గజాల్ని బెంచి మీద కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టగలిగారంటే ఆ లీగు ఎంత బలంగా ఉండేదో ఊహించుకోండి.

బ్రేవ్స్ జట్టు నుంచే ఐదుగురున్నారు: మాథ్యూస్, క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) డెల్ క్రాండల్, ఆరన్, జానీ లోగన్, పిచర్ జీన్ కాన్లీ. జనం సొంత ఊరివాళ్ల కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు.

ఐదు పరుగులు వెనకబడటం ఎలా జరిగింది?

మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్కరు కూడా అవుట్ కాకముందే. నేషనల్ లీగ్ పిచర్ రాబిన్ రాబర్ట్స్ చిన్నవాడేం కాదు, ఆ కాలపు మేటి పిచర్లలో ఒకడు. హార్వీ క్యూన్ సింగిల్, నెల్లీ ఫాక్స్ సింగిల్. సింగిల్ అంటే బంతి కొట్టి మొదటి బేస్ చేరడం. అలా బేస్‌లు చుట్టి బ్యాటింగ్ చోటికి, అంటే ‘ఇంటికి’, తిరిగొస్తే ఒక పరుగు. తర్వాత రాబర్ట్స్ వేసిన ఒక బంతి క్యాచరుకి అందకుండా పోయి క్యూన్ ఇంటికొచ్చాడు. విలియమ్స్‌కి వాక్. అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్ ఇచ్చేయడం. ఇద్దరు బేస్‌ల మీద ఉండగా మ్యాంటిల్ వచ్చాడు. సెంటర్ ఫీల్డ్ వైపు హోమ్‌రన్. 4-0. ఆలస్యంగా వచ్చి సీట్లు వెతుక్కుంటున్నవాళ్లు కూర్చునేలోపే అంతా అయిపోయింది.

ఆరో ఇన్నింగ్స్‌లో ఇంకో పరుగు కలిసింది. 5-0.

మరి తిరిగి ఎలా లేచారు?

నన్నడిగితే ఆట మలుపు తిరిగింది బ్యాటుతో కాదు, గ్లోవ్‌తో. ఏడో ఇన్నింగ్స్‌లో టెడ్ విలియమ్స్ కుడి-మధ్య ఫీల్డ్ వైపు బలంగా కొట్టిన బంతి కంచె దాటిపోతుంటే విల్లీ మేస్ పరుగెత్తి, ఎగిరి, కంచె పైనుంచి చేయి చాచి అందుకున్నాడు. అది దాటి ఉంటే ఇక ఆట లేదు. అంతకుముందు ఏడాది వరల్డ్ సిరీస్‌లో వీపు తిప్పి పరుగెత్తి విక్ వర్ట్స్ కొట్టిన బంతిని పట్టిన మేసే ఇతను.

ఆ వెంటనే బ్యాటింగ్‌కి వచ్చి మేసే సింగిల్ కొట్టాడు. అమెరికన్ లీగ్ వైపు న్యూయార్క్ యాంకీస్ పిచర్ వైటీ ఫోర్డ్ బౌలింగ్... అలవాటుగా బౌలింగ్ అనేశాను, పిచింగ్ అనాలి. లోగన్ సింగిల్, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చీకో కారస్కెల్ చేతిలోంచి దారి తప్పిన ఒక విసురు, రెండు పరుగులు. 5-2.

ఎనిమిదోలో ఇద్దరు అవుటయ్యారు. ఒక్కడు అవుటైతే ఇన్నింగ్స్ సరి. అప్పుడు మేస్, టెడ్ క్లుజెవ్‌స్కీ, రాండీ జాక్సన్ వరసగా మూడు సింగిల్స్. ఫోర్డ్‌ని దించి బోస్టన్ పిచర్ ఫ్రాంక్ సలివన్‌ని తెచ్చారు. ఎదురుగా హ్యాంక్ ఆరన్. 21 ఏళ్లు, మొదటి ఆల్‌స్టార్ గేమ్, సొంత ఊరి జనం. కుడివైపు సింగిల్ కొట్టాడు. కేలైన్ విసిరిన బంతి మూడో బేస్ దగ్గర అల్ రోజెన్‌ని దాటిపోయింది. అదే అదనుగా జాక్సన్ కూడా ఇంటికి చేరాడు. 5-5.

ఆరన్ ఆ రోజు బ్యాటుతో రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ హిట్ కొట్టాడు, పైన ఒక వాక్. తర్వాతి రెండు దశాబ్దాల్లో 755 హోమ్‌రన్లు కొట్టబోయే మనిషి. ఆ రోజు అతని సింగిల్ చూసినవాళ్లలో ఎవరికి తెలుసు!

స్కోర్‌కార్డు చదవడం రాదు. ఈ అంకెల వరస ఏంటి?

ఇదిగో, ఆ రోజుది:

అమెరికన్ లీగ్: 400 001 000 000 – 5
నేషనల్ లీగ్: 000 000 230 001 – 6

ఒక్కో అంకె ఒక్కో ఇన్నింగ్స్‌లో వచ్చిన పరుగులు. మూడేసి గుత్తులుగా రాస్తారు. పైవరసలో మొదటి 4 మ్యాంటిల్ వాళ్లది. ఆ తర్వాత ఆరో స్థానంలో 1, ఇక అక్కణ్నుంచి వరసగా సున్నాలు. కింది వరసలో మొదట ఆరు సున్నాలు, తర్వాత 2, 3, మళ్లీ మూడు సున్నాలు, చివర 1. నాలుగు గుత్తులుండటం చూస్తేనే మామూలు తొమ్మిది ఇన్నింగ్స్‌ దాటి వెళ్లిందని తెలుస్తుంది. అలవాటైనవాళ్లు ఈ రెండు వరసలు చూసి ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పేస్తారు. 

డ్రా అని ముగించేయొచ్చు కదా?

బేస్‌బాల్‌లో సమం అయితే తేలేదాకా ఆడటమే. ఒక్కో అదనపు ఇన్నింగ్స్‌లో ఇద్దరికీ బ్యాటింగ్ వస్తుంది. ముందు పరాయి జట్టు, తర్వాత ఇంటి జట్టు. ఇంటి జట్టు ముందుకొచ్చిన క్షణమే ఆట సరి, మిగతా బ్యాటర్లతో పనిలేదు. నేషనల్ లీగ్ ఇంటి జట్టు అన్నది అందుకే గుర్తుపెట్టుకోమన్నాను.

ఆల్‌స్టార్‌లో ఒక పిచర్ మామూలుగా మూడు ఇన్నింగ్స్‌కి మించకూడదు. అదనపు ఇన్నింగ్స్ వస్తే సడలింపు ఉంటుంది. ఎనిమిదోలో వచ్చిన సలివన్ అలాగే 12 దాకా వేస్తూ పోయాడు. ఇటువైపు జో నక్స్‌హాల్ 11 దాకా వేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి ఉండగా వచ్చి ఫోర్డ్‌ని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేసి గండం గట్టెక్కించింది ఇతనే. పదిహేనేళ్ల వయసులో, 1944లో, మేజర్ లీగ్‌లో ఆడిన నక్స్‌హాలే.

12వ ఇన్నింగ్స్‌లో ఏం జరిగింది?

రెండు ముక్కలుగా చెప్పాలి.

పై సగంలో జీన్ కాన్లీ వచ్చాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. అంతకుముందు ఏడాది క్లీవ్‌లాండ్ ఆల్‌స్టార్‌లో ఓటమి ఇతని ఖాతాలోనే పడింది. ఇప్పుడు సొంత మైదానం. కేలైన్, మికీ వెర్నన్, రోజెన్, ముగ్గురికి ముగ్గురినీ స్ట్రైకౌట్ చేశాడు. జనం ఊగిపోయారు. (కాన్లీ చలికాలంలో బాస్కెట్‌బాల్ ఆడేవాడు, బోస్టన్ సెల్టిక్స్‌కి. తర్వాత బ్రేవ్స్‌తో 1957 వరల్డ్ సిరీస్, సెల్టిక్స్‌తో ఎన్‌బీఏ టైటిళ్లు, రెండూ గెలిచాడు. రెండూ దక్కినవాడు ఇంకొకడు లేడు.)

కింది సగంలో మొదటి బ్యాటర్ మ్యూజియల్. వయసు 34. ఎడమచేతి బ్యాటర్, నిలబడే తీరే విచిత్రం. పాదాలు దగ్గరగా, వీపు సగం పిచర్ వైపు తిప్పి, భుజం మీదుగా తొంగిచూసినట్టు. మలుపు దగ్గర నక్కి ఎవరో వస్తున్నారా అని చూసే పిల్లాడిలా ఉంటుందని అప్పటివాళ్లు అనేవాళ్లు. వెనకాల క్యాచర్ యోగి బెరా. అప్పటికి పన్నెండు ఇన్నింగ్స్‌ నుంచి గొంతుక్కూర్చుని లేస్తున్న మనిషి. కాళ్లు లాగేస్తున్నాయని బెరా మొత్తుకుంటే, కంగారుపడకు, ఇప్పుడే ఇంటికి పంపిస్తానని మ్యూజియల్ అన్నాడని చెప్పుకుంటారు. చెప్పేవాళ్లని బట్టి మాటలు మారుతుంటాయి కాబట్టి ఆ సంభాషణ ఉన్నదున్నట్టు ఎవరి దగ్గరా దొరకదు.

సలివన్ మొదటి బంతి వేశాడు. మ్యూజియల్ తిప్పి కొట్టాడు. కుడివైపు కంచె దాటి జనంలో పడింది. మ్యూజియల్ బేస్‌లు చుట్టి వచ్చేసరికి ఇంటి దగ్గర మొత్తం జట్టు నిలబడి ఉంది. బెరా ఇంటికెళ్లాడు.

ఒక్క ఇన్నింగ్స్‌లో ఒక్క బంతికే పోయినవాడిగా సలివన్‌ని గుర్తుపెట్టుకుంటారు గానీ అంతకుముందు 9, 10, 11 ఇన్నింగ్స్‌ల్లో అతను ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అది కూడా చెప్పకపోతే అన్యాయం.

మ్యూజియల్ మొదటి నుంచి ఎందుకు ఆడలేదు?

ఓట్లలో అతని చోటు వేరేవాళ్లకి పడింది. డెల్ ఎన్నిస్ స్థానంలో నాలుగో ఇన్నింగ్స్‌లో వచ్చాడు. ఇది అతని నాలుగో ఆల్‌స్టార్ హోమ్‌రన్, మొత్తం ఆరు కొట్టాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. 24 ఆల్‌స్టార్ గేములు ఆడాడు. కెరీర్‌లో 3,630 హిట్లు. సొంత మైదానంలో 1,815, పరాయి మైదానాల్లో 1,815! ఎక్కడైనా ఒకేలా ఆడేవాడని చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. ‘స్టాన్ ద మ్యాన్’ అనే పేరు సెయింట్ లూయిస్ వాళ్లు పెట్టింది కాదు, అతని చేతిలో దెబ్బలు తిన్న బ్రూక్లిన్ అభిమానులు పెట్టింది.

నల్లజాతి ఆటగాళ్లు ఎప్పుడు ఆడటం మొదలైంది?

1949లో, బ్రూక్లిన్ ఎబెట్స్ ఫీల్డ్‌లో. జాకీ రాబిన్‌సన్, రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకోమ్ నేషనల్ లీగ్ తరఫున, లారీ డోబీ అమెరికన్ లీగ్ తరఫున ఆడారు. దీనికీ మిల్వాకీ ఆటకీ సంబంధం ఉంది. నల్లవాళ్లని మేజర్ లీగుల్లోకి రానివ్వని రంగు గోడని 1947లో రాబిన్‌సన్ బద్దలు కొట్టాక నేషనల్ లీగ్ జట్లు త్వరగా తలుపులు తీశాయి. అమెరికన్ లీగ్‌లో చాలా జట్లు మొహమాటపడుతూ కూర్చున్నాయి. యాంకీస్ మొదటి నల్లజాతి ఆటగాడు ఎల్స్టన్ హవర్డ్ వచ్చింది 1955లోనే, బోస్టన్ రెడ్ సాక్స్ 1959 దాకా ఆగింది.

ఫలితం లెక్కల్లో కనబడుతుంది. 1949 ముగిసేసరికి ఆల్‌స్టార్‌లో అమెరికన్ లీగ్ 12-4తో పైచేయిగా ఉంది. ఆ తర్వాత 1950 నుంచి వరసగా నాలుగు నేషనల్ లీగ్‌వే. మిల్వాకీ ఆట అయ్యేసరికి తేడా 13-9కి తగ్గింది. మిల్వాకీలో పడ్డవాళ్లని లేపింది మేస్, ఆరన్. ఆ ఇద్దర్నీ తీసేసి 7, 8 ఇన్నింగ్స్ మళ్లీ ఊహించండి, నేనేం చెప్పక్కర్లేదు.

ఆటగాళ్లకి డబ్బులేమైనా వచ్చేవా?

ఆదాయంలో భాగం ఆటగాళ్ల పెన్షన్ నిధికి వెళ్లేది. ఆ నిధి పెంచడానికే 1959 నుంచి 1962 దాకా ఏడాదికి రెండేసి ఆల్‌స్టార్ గేములు పెట్టారు. జనానికి మొహం మొత్తి మానేశారు.

‘మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’ మ్యూజియల్‌కే ఇచ్చారా?

ఎవరికీ ఇవ్వలేదు, అప్పటికి ఆ బహుమతే లేదు. 1962లో మొదలైంది, ఆర్చ్ వార్డ్ పేరుతోనే. 2002లో టెడ్ విలియమ్స్ పేరు పెట్టారు. తమాషా ఏంటంటే ఆ ఏడాది దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటారా, తర్వాతి ప్రశ్న చూడండి.

ఆల్‌స్టార్ గేమ్ సమంగా ముగిసిన సంగతి విన్నాను. అది ఇదేనా?

కాదు. కానీ ఊరు అదే! 2002లో మిల్వాకీలోనే, కొత్తగా కట్టిన మిల్లర్ పార్క్‌లో, 11 ఇన్నింగ్స్ తర్వాత 7-7 దగ్గర రెండు జట్లకీ పిచర్లు అయిపోయారు. కమిషనర్ బడ్ సీలిగ్‌ది మిల్వాకీనే. సొంత ఊరి జనం అరుస్తుండగా చేతులెత్తేయాల్సి వచ్చింది. ఆ అవమానం కడుక్కోవడానికి 2003 నుంచి, ఆల్‌స్టార్ నెగ్గిన లీగుకి వరల్డ్ సిరీస్‌లో సొంత మైదానం అనుకూలత ఇస్తామన్నారు. 2016 దాకా నడిచింది. ఆటకి లేని విలువ చట్టం పెట్టి తెచ్చే ప్రయత్నం. నాకు ఎప్పుడూ నచ్చలేదు. 1955లో ఏ విలువా లేకుండానే పన్నెండు ఇన్నింగ్స్ ఆడారు కదా.

ఇప్పుడు సమమైతే హోమ్‌రన్ల పోటీతో తేలుస్తున్నారు. మన సూపర్ ఓవర్ లాంటిది. 2025 జులైలో మొదటిసారి దాని అవసరం పడింది. 6-6 అయ్యాక కైల్ ష్వార్బర్ మూడుకి మూడు కొట్టి నేషనల్ లీగ్‌ని గెలిపించాడు. అది జరిగింది అట్లాంటాలో, బ్రేవ్స్ మైదానంలో. 1955లో మిల్వాకీలో ఆతిథ్యమిచ్చిన బ్రేవ్సే, 1966లో అట్లాంటాకి తరలిపోయారు.

ఆ కౌంటీ స్టేడియం ఇప్పుడు చూడొచ్చా?

లేదు, 2001లో కూల్చేశారు. మిల్లర్ పార్క్ దాని పక్కనే లేచింది, ఇప్పుడు దాని పేరు అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్. పాత స్టేడియం చోటులో చాలామటుకు కార్లు పార్క్ చేస్తున్నారు. మ్యూజియల్ బ్యాటు తిప్పిన ఆ భాగంలో మాత్రం పిల్లల కోసం హెల్ఫేయర్ ఫీల్డ్ అని చిన్న మైదానం కట్టారు. వేసవిలో వెళితే లిటిల్ లీగ్ ఆటలు జరుగుతుంటాయి. ఆ వైపు ఉండేవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లండి.